సందుల మేస్త్రి

సందుల మేస్త్రి మోకాళ్ళ కింద బొంతముక్క సర్దుకుని, సన్న తాపీని తిరగేసి, దాని పిడితో బండమీద ఒక్క దెబ్బ వేశాడు. తల వంచి విన్నాడు. చప్పుడు నచ్చలేదు. పక్క బండమీద వేశాడు. అదీ అంతే. కింద కాంక్రీటు స్లాబు ఉంటే బండ టక్కుమంటుంది, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పినట్టు. ఇది డొబ్బుమంటోంది. పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి పన్నెండు వరసల బండలు. పాకుతూ పోయి పదిచోట్ల కొట్టి చూశాడు. పదిచోట్లా డొబ్బే.

"పైన పటారం, లోన లొటారం," అని గొణుక్కున్నాడు. నవ్వబోతే నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. ముప్పై నాలుగేళ్ళు రాతిపొడి మింగిన ఛాతీ అది. ఒకసారి మొదలుపెడితే ఓ పట్టాన ఆగదు. గోడ పట్టుకుని, వంగి, అది వదిలేదాకా ఓపిక పట్టాడు.

అతనికి పేరు లేకపోలేదు. అయితే రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా అవసరం పడలేదు. బండలు పరిచే మేస్త్రీలు వేరు. వాళ్ళు పరిచి, ఫోటోలు దిగి వెళ్ళిపోయాక, బండకీ బండకీ మధ్య మిగిలిన వేలెడు ఖాళీ నింపడానికి ఇతను వస్తాడు. సందు కుదిరితే అందరూ బండలు బాగున్నాయంటారు. సందు పగిలితే మాత్రం సందులు పూసింది ఎవడని అడుగుతారు. లోకం తీరే అంత కాబట్టి అతనికి దానిమీద పెద్దగా కోపం లేదు. ఉన్న కోపమంతా బావమరిదిమీదే.

ఆ బావమరిది పదహారేళ్ళప్పుడు ఇతని దగ్గరే తాపీ పట్టుకోవడం నేర్చాడు. "తాపీ పట్టినవాడు తాపీగా చెయ్యాలిరా," అని ఇతను వెయ్యిసార్లు చెప్పాడు. వాడు ఆ ఒక్కటీ తప్ప అన్నీ నేర్చుకుని కాంట్రాక్టరు అయ్యాడు. ఇప్పుడు బావకి పని చెప్పేది వాడే.

వసారాలో మూడు రకాల సరుకు దింపించి ఉంది. సిమెంటు బస్తా ఒకటి. కడిగి, ఆరబెట్టి, జల్లించిన ముతక ఇసుక ఒక గుట్ట. నీళ్ళు చల్లితే గట్టిపడే జిగురిసుక సగం సంచి. జిగురిసుక సంచిలో చెయ్యి పెట్టి చూస్తే అప్పటికే చెమ్మ తగిలి గడ్డలు కట్టింది. ఎక్కడో మిగిలింది ఇక్కడ పారేశారు. దాన్ని పక్కకి నెట్టాడు. ఇక మిగిలినవి రెండే. ఆ రెండింటి సంగతీ అతనికి ఒకే ఒక్క ముక్కలో తెలుసు: కింద ఇసుకైతే సందులో ఇసుక, కింద సిమెంటైతే సందులో సిమెంటు. ఇసుకమీద పరిచిన బండ కొంచెం కదులుతుంది, సర్దుకుంటుంది. దాన్ని సిమెంటుతో బిగించేస్తే మొదటి వానాకాలానికే సందు బీట తీస్తుంది. ఆ బీటలోంచి దిగిన నీళ్ళు బండ కింద ఇసుకని మెల్లగా తినేస్తాయి. ఆ తరువాత బండ ఊగుతుంది.

ఆ ఇంట్లో పెద్దాయన నాలుగుకాళ్ళ కర్ర పట్టుకుని నడుస్తాడు. ఒకసారి పడి తుంటి విరిగింది. ఇంకోసారి పడితే లేవడని డాక్టరు చెప్పాడట. ఆయన పొద్దునా సాయంత్రం పెరట్లో నాలుగడుగులు వేసుకోవాలనే ఆయన భార్య, రిటైరైన టీచరమ్మ, ఈ బండలు పరిపించింది.

ఫోను చేస్తే బావమరిది గంట తరువాత వచ్చాడు. బండి దిగకుండానే వెనక గేటు దగ్గర ఆగాడు.

"ఏంటి బావా, పొద్దున్నే?"

"కింద స్లాబు వేశానని టీచరమ్మకి చెప్పావట."

"చెప్పాను."

"లేదుగా."

"లేదని నీకెవరు చెప్పారు?"

"బండ చెప్పింది."

బావమరిది పగలబడి నవ్వాడు. "బండలతో మాట్లాడేదాకా వచ్చావన్నమాట! ఉండు, అక్కకి చెప్తాను."

"ఇసుకమీద పరిచావు, తప్పు లేదు. ఇసుకే పోయనీ. సిమెంటు పూస్తే ఒక్క వానాకాలం ఆగదురా. పెద్దాయన నడిచేది దీనిమీదే."

"ఆవిడకి గడ్డి మొలవకూడదట. స్లాబు ఉందని చెప్పి ఇసుక పోస్తే ఆవిడ ఎందుకని అడగదా?" గొంతు తగ్గించాడు. "కింద సంగతి నాకొదిలెయ్ బావా. నీది సందు, సందు చూసుకో. ఈ దగ్గుతో నిన్ను పనికి పిలిచేది నేను తప్ప ఇంకెవరున్నారు చెప్పు?"

బావమరిది బతకగోరతాడంటారు పెద్దలు. ఈ బావమరిది కోరుకున్న బతుకు ఏ బావదో వాళ్ళు చెప్పలేదు. బండి దుమ్ము రేపుకుంటూ పోయింది.

మేస్త్రి సిమెంటు బస్తా ముందు కూర్చున్నాడు. తాడు విప్పలేదు. సరిగ్గా అప్పుడే టీచరమ్మ వసారాలోకి వచ్చింది. ఏది చూసినా అడిగి తెలుసుకునే అలవాటు ఆవిడది.

"మేస్త్రీ, ఇన్ని రకాలు పెట్టారు. వీటిలో ఏది మంచిదంటారు?"

అతను వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినన్నా అడిగిందేమోనని. ముప్పై నాలుగేళ్ళలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. గొంతు సవరించుకున్నాడు. చెప్పొద్దూ, సంతోషం వేసింది.

"ఇసుకే మేలమ్మా."

"గడ్డి మొలవదూ?"

"మొలుస్తుందమ్మా. మొలిస్తే పీకెయ్యొచ్చు. సిమెంటు పగిలితే పీకలేం."

ఆవిడ నవ్వింది. తరువాత నుదురు చిట్లించింది. "కింద స్లాబు ఉంది కాబట్టి సిమెంటే పెట్టాలన్నాడే మీ బావమరిది? స్లాబు ఉన్నా ఇసుకేనా?"

ఇదీ అసలు ప్రశ్న. కింద స్లాబు లేదమ్మా. మూడే మూడు మాటలు. నాలుక చివరిదాకా వచ్చాయి. ఇంట్లో వంటగది దగ్గర నుంచుని ఉండే భార్య మొహం గుర్తొచ్చింది. ఆవిడకి ఈ తమ్ముడు తప్ప పుట్టింటివైపు ఎవరూ లేరు. రేపు ఎవరు పిలుస్తారన్నదీ గుర్తొచ్చింది.

"ఉన్నా లేకపోయినా ఇసుకైతే చెడదమ్మా," అన్నాడు.

ఆ మాట అన్నాక అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది. స్లాబుమీద సందుల్లో ఇసుక పోస్తే నీళ్ళు దిగడానికి దారి లేక అక్కడే మురుగుతాయి. ఆ సంగతి కొత్తగా పనిలో చేరినవాడికి కూడా తెలుసు. పనిలో అతను ఆడిన మొదటి అబద్ధం అదే, అదీ వేరేవాడి అబద్ధాన్ని కాపాడటానికి. సర్లే, పని అయిపోయాక రేపు ఆవిడకి నెమ్మదిగా చెబుదాం అనుకున్నాడు. రేపు అనడం అతనికి అలవాటే. "ఊళ్ళో సందులన్నీ పూడ్చావు, మన గుమ్మం కింద సందు ఎప్పుడు పూడుస్తావు? వానొస్తే నీళ్ళన్నీ ఇంట్లోకే," అని భార్య పదేళ్ళుగా అడుగుతోంది. పదేళ్ళుగా జవాబు రేపే.

టీచరమ్మ సరేనంది. అతను పనిలో పడ్డాడు.

ఇసుక సందుని నింపడం చూడ్డానికి చీపురు పనిలాగే ఉంటుంది. బండలమీద పోసి, అడ్డంగా చిమ్మి, సందులోకి దింపి, తాపీ మొనతో పొడిచి అణచాలి. అణిగాక మళ్ళీ పొయ్యాలి. సందు మూడుసార్లు తాగితే గానీ నిండదు. రెండుసార్లకే నిండినట్టు కనిపిస్తుంది. అక్కడే చాలామంది లేచి వెళ్ళిపోతారు. అతను మూడోసారి కూడా పోశాడు. ఏ సందుకి ఆ సందు. తాపీ రేకు ఒకప్పుడు జానెడు ఉండేది, అరిగి అరిగి వేలంతయింది. పిడిమీద బొటనవేలి గుంట పడింది. ఆ గుంటలో ఇంకెవరి వేలూ కుదరదు.

మధ్యాహ్నం డబ్బా విప్పాడు గానీ రెండు ముద్దలకి మించి దిగలేదు. పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఇంకెన్నాళ్ళన్నట్టు వేళ్ళు ఆడించి అడిగాడు. మేస్త్రి రెండు వేళ్ళు చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఎండ గోడ దిగేసరికి ఆరు వరసలు పూర్తయ్యాయి. సరిగ్గా సగం. ఛాతీలో ఎవరో కూర్చున్నట్టుంది. లేచి, కొళాయి దగ్గర తాపీ కడిగాడు. అంటింది పొడి ఇసుకే, దులిపితే పోతుంది. అయినా కడిగాడు. పని ఎక్కడ ఆగినా తాపీ కడక్కుండా కింద పెట్టిన రోజు లేదు. తువ్వాలుతో తుడిచి కిటికీ గట్టుమీద పెట్టి, గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకున్నాడు. టీచరమ్మ టీ గ్లాసు తెచ్చింది. నిద్రపోతున్నాడనుకుని, లేపడం ఇష్టంలేక, గ్లాసు పక్కన పెట్టి దానిమీద మూత వేసి వెళ్ళింది. గ్లాసు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు టీ అలాగే ఉంది. అప్పుడు గానీ ఆవిడకి అర్థం కాలేదు.

పన్నెండోరోజు దాటాక మిగిలిన ఆరు వరసలూ బావమరిది మనుషులు ఒక్క పూటలో సిమెంటుతో పూసేశారు.

వానలు వెలిశాక, మొగుడి సామాన్లు తీసుకెళదామని మేస్త్రి భార్య టీచరమ్మ ఇంటికి వచ్చింది. ఆవిడ ఇప్పుడు తమ్ముడింటి వెనక గదిలో ఉంటోంది. పెరట్లో తమ్ముడు, ఇద్దరు కూలీలు ఉన్నారు. సిమెంటు పూసిన సగం అడ్డదిడ్డంగా బీటలు తీసింది. ఒక బండ కాలు పెడితే ఊగుతోంది. దానిమీద కర్ర ఒరిగి పెద్దాయన ముందుకు తూలాడట. కిటికీ ఊచ దొరికింది కాబట్టి సరిపోయింది. ఇసుక పోసిన సగంలో మాత్రం సందుల్లో కాస్త పచ్చగా గడ్డి లేచింది. బండ ఒక్కటీ కదల్లేదు.

"చనిపోయినాయన్ని అనకూడదు గానీ," అంటున్నాడు తమ్ముడు టీచరమ్మతో, "స్లాబు ఉన్నచోట ఇసుక పొయ్యకూడదని ఎవడికైనా తెలుసమ్మా. ఆ సగంలో నీళ్ళు దిగి, కిందికి పోయే దారి లేక ఇటు పాకి, నా సగాన్ని తినేశాయి. చివరికొచ్చేసరికి బావకి చూపు ఆనలేదు, పాపం."

"నిజమే," అంది టీచరమ్మ బాధగా. "నేను అడిగాను కూడా. స్లాబు ఉన్నా లేకపోయినా ఇసుకేనన్నాడు."

మేస్త్రి భార్య తమ్ముడివైపు చూసింది. కింద ఇసుకైతే సందులో ఇసుక, కింద సిమెంటైతే సందులో సిమెంటు. ముప్పై ఏళ్ళు ఆ పాట విన్న మనిషి ఆవిడ. తన మొగుడు స్లాబుమీద ఇసుక పొయ్యడు. తమ్ముడు చూపు తిప్పుకుని కూలీలని కేకేశాడు. "ఊఁ, కానివ్వండి. ఆ ఇసుకంతా గీకి పారేసి సిమెంటు కొట్టండి."

ఆవిడ కూలీలకి అడ్డు తప్పుకుంది. బొంతముక్క, డబ్బా, తువ్వాలు సంచిలో వేసుకుంది. తాపీ కోసం వెతికింది, కనబడక వెళ్ళిపోయింది. అది అప్పటికే కూలీల్లో ఒకడి చేతిలో ఉంది. వాడు దానితోనే ఆరు వరసల ఇసుకా గీకి, దానితోనే సిమెంటు పూసి, పని అవగానే కిటికీ గట్టుమీద పడేశాడు. సాయంత్రానికల్లా దాని రేకుమీద, పిడిమీద ఉన్న బొటనవేలి గుంటలో, సిమెంటు ఎండి గట్టిపడిపోయింది.