హాలు కిటికీకి లేత పసుపు కర్టెన్లు

కింది వాటా ఆవిడకి పాలు పోసే ఆవిడ చెప్పిందట. ఆమెకేమో ఎవరో పనిమనిషి చెప్పిందట. "కర్టెన్ల షాపాయన ఊరి చివర మేడ కొన్నాడు, వాళ్ళమ్మ పేరు మీద! హాలు కిటికీకి లేత పసుపు కర్టెన్లు, కిందంతా చిలకపచ్చ అంచు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు." ఇంత కబురూ మెట్లెక్కి మోసుకొచ్చిన కింది వాటా ఆవిడ, "నాకెందుకులే గానీ, నీకు తెలియాలని చెప్పా" అని చేతులు దులుపుకుని దిగిపోయింది.

పై గదిలో ఆమె కుట్టుమిషను ఆపలేదు. ఎవరిదో దిండు గలీబు కుడుతోంది. చిలకపచ్చ అంచు అన్న చోట మాత్రం కుట్టు కాస్త పక్కకి పోయింది.

ఆ అంచు వేసింది తనే. అప్పటికింకా కాపురం ఉంది, ఉందనే అనుకుంటోంది. మొగుడు ఓ సాయంత్రం బట్ట తాను భుజాన వేసుకొచ్చి, "పార్టీ చాలా గొప్పవాళ్ళు. కుట్టు వంకరపోయిందో, షాపు పరువు పోతుంది" అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ షాపు కర్టెన్లన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. పక్క షాపులో కుట్టేవాళ్ళకి జీతాలిస్తారటగా అని ఒకసారి నోరు జారితే, "ఇంటి మనిషికి కూలేంటే!" అని అతను నవ్వాడు. "ఇన్నేళ్ళు వండి పెట్టినందుకు నేనడిగానా?" అని అత్తగారు అందుకుంది. ఆ హాలు కిటికీ ఎంతదో, గోడంత ఉండాలి. మూడు ముక్కలు అతికి, అతుకులు కనబడకుండా మడతల్లో దాచేసరికి మెడలు పడిపోయాయి. ఈ కిటికీ పక్కన నిలబడి తీరిగ్గా కాఫీ తాగే మహాతల్లి ఎవరో అనుకుంది కూడా. తన దగ్గర దాచిన ఇంటికి తనచేతే తెర కుట్టించాడన్న మాట! ఏడుపు రావాల్సిన చోట ఆమెకి నవ్వొచ్చింది.

ఉన్నదాంట్లో చెరిసగం అన్న ఒప్పందం మీద విడాకులు అయిపోయాయి, పంపకమే మిగిలింది. షాపు నిండా అప్పులే, పంచడానికి నా దగ్గరేముంది అంటాడు అతను. ఆ మేడ అతనిదేనని తేలితే సగం ఆమెది. తేలకపోతే ఆమెకి మిగిలేది ఈ అద్దె గదీ, ఈ మిషనూ.

మధ్యవర్తి గదిలోకి అతను అరిగిపోయిన చెప్పులతో వచ్చాడు. వీధి చివరికి వెళ్ళినా బూట్లు లేనిదే కదలని మనిషి! పక్కన అత్తగారు. ఆవిడ కళ్ళజోడు కాడకి కట్టిన దారం ఇంకా అలాగే ఉంది. "వచ్చే నెల చేయిద్దాంలే అమ్మా" అని కొడుకు అన్న ఆ వచ్చే నెల ఇంకా రానేలేదు.

"ఇల్లు నాదే బాబూ. మా పుట్టింటివాళ్ళిచ్చిన సొమ్ముతో కొనుక్కున్నా" అంది అత్తగారు. ఎవరి దగ్గర కొన్నదీ, ఎంతకి కొన్నదీ తడుముకోకుండా అప్పజెప్పింది. ఆవిడతో పాటు కొడుకు పెదాలూ కదిలాయి.

పక్కనున్న తన లాయరమ్మ ఫైలు తెరవబోతే ఆమె దాని మీద చెయ్యి వేసింది. ఆ ముసలావిడని కళ్ళ డాక్టరు దగ్గరికైనా, మరెక్కడికైనా తీసుకెళ్ళింది తనొక్కతే. తను వచ్చేశాక ఇంకెవరు తీసుకెళ్ళి ఉంటారు?

"నేనొక్క మాట అడుగుతానండీ. అత్తయ్యా, మీ హాలు కిటికీకి ఏ రంగు కర్టెన్లు?"

"ఇంటి సంగతి తేల్చమంటే కర్టెన్ల గోలేంటి?" అంటూ అతను లేచాడు. మధ్యవర్తి కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు.

అత్తగారు కొడుకు వైపు చూసింది. ఈ ఒక్కదానికి మాత్రం వాడు జవాబు నేర్పలేదు.

"పోనీ నేను చెప్తాను. లేత పసుపు, చిలకపచ్చ అంచు. అంచు మూలలు విప్పించి చూడండి. బరువు కోసం నా పాత నీలం చీర పీలికలు మడిచి పెట్టాను. అప్పుడు మీ అబ్బాయి పార్టీ చాలా గొప్పవాళ్ళన్నాడు. ఆ గొప్పవాళ్ళు మీరేనా అత్తయ్యా?"

అతను అరిగిన చెప్పుల్ని కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఆమె మాత్రం ఇన్నేళ్ళలో మొదటిసారి కుర్చీకి వెనక్కి ఆనుకుని, హాయిగా కూర్చుంది.

అత్తగారు దారం కట్టిన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కొడుకు వైపు తిరిగింది.

"నా ఇల్లు, నా ఇల్లు అని పొద్దున్నుంచీ నాచేత వల్లె వేయించావు గానీ, ఒరేయ్, ఒక్కసారైనా నన్నా గుమ్మం ఎక్కించావా?"