ఠక్కుమన్న తరువాత

“గడ్డం కొంచెం కిందికి. ఇంకొంచెం. చాలు” అని షావలి కెమెరాను కంటికి ఆనించుకున్నాడు.

స్టూలు మీద కూర్చున్న మనిషి కాంట్రాక్టు పనిలో కొత్తగా చేరాడు. గేటు పాసుకు ఫొటో కావాలి. షావలి మీట నొక్కాడు. ఠక్. ఆ చప్పుడు వినగానే ఆ మనిషి బిగబట్టిన ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. అప్పటిదాకా ఎక్కడికో పోయిన కళ తిరిగి మొహంలోకి వచ్చింది. షావలి వెంటనే రెండోసారి నొక్కాడు. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి. మొదటి ఫొటో పారేస్తాడు, రెండోది చేతిలో పెడతాడు.

కంప్యూటరు తెర మీద పెద్దది చేసి చూశాడు. చెవి స్పష్టంగా ఉంది. కాలరు మీద కుట్లు లెక్కపెట్టొచ్చు. కళ్లు మాత్రం తడి అద్దం వెనకాల ఉన్నట్టున్నాయి.

“ఇంకోటి తీస్తా, ఒక్క నిమిషం.”

“ఎన్ని కొడతావన్నా? నేనేమన్నా పెళ్లికొడుకునా?”

“గేటు దగ్గర ఇది నువ్వు కాదంటే మళ్లా నా దగ్గిరికే గదా వస్తావు. కూర్చో.”

మూడో ప్రయత్నానికి కుదిరింది. ఆ మనిషి కవరు జేబులో పెట్టుకుని, షట్టరు కింద తల వంచి వెళ్లిపోయాడు.

సూళ్లూరుపేటలో స్టేషనుకు పోయే రోడ్డు మీద, టీ కొట్టుకు ఎదురుగా ఉంటుంది షావలి స్టూడియో. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఏళ్ల తరబడి కెమెరా ఆనించి ఆనించి కుడి కనుబొమ చివర వెంట్రుకలు పల్చబడ్డాయి. బరువు మోసిన కుడి భుజం ఎడమ దానికంటే కాస్త కిందికి ఉంటుంది. ఆ కుడి కంటిలోనే ఇప్పుడు శుక్లం మొదలైంది. ఆపరేషనుకు ఇంకా టైముందని డాక్టరు చెప్పాడు. షావలి ఆ సంగతి బజారులో ఎవరికీ చెప్పలేదు. నాలుగేళ్ల కిందటి వరకు ప్రింటుకు పోయే ప్రతి ఫొటోనూ భార్య నూర్జాన్ చూసేది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, “కళ్లు రాలా” అనేసి పోయేది. ఆమె పోయాక ఆ మాట అనేవాళ్లు లేరు. మొన్న ఒక నిఖాలో పెళ్లికూతురి జుంకీలు మెరిసిపోయాయి, కళ్లు మసకబారాయి. ఆల్బం చూసి వాళ్లంతా బాగుందనే అన్నారు. షావలికి మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

గాజు బీరువాలో నల్ల సంచి ఒకటి ఉంది. మొన్న ఉష ఇచ్చి వెళ్లింది. పదేళ్ల కిందట ఇదే స్టూడియోలో లైట్లు పట్టుకుని పని నేర్చుకున్న పిల్ల ఉష. తర్వాత నెల్లూరులో పెళ్లిళ్ల ఫొటోలకు పెద్ద పేరు తెచ్చుకుంది. ఇప్పుడు మకాం మద్రాసుకు మార్చేస్తోంది. అక్కడికి పోయి ఇంకా పెద్ద కెమెరా కొంటుందట. తన ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా షావలికి ఇస్తానంది.

“మీ పాత కెమెరా, లెన్సులు రెండూ నాకిచ్చేయండి సార్. మిగతా డబ్బు పెళ్లిళ్ల సీజన్‌లో చూసుకుందాం. అక్కడ ఒక పిల్ల నేర్చుకుంటానని అడుగుతుండాది, మీది దానికిస్తా. ఇది చీకట్లో కూడా వెలుతురు తాగుతాది, చూడండి.”

ఈ సాయంత్రం రైల్లో ఆమె మద్రాసు పోతుంది. రైలు ఇక్కడ రెండు నిమిషాలు ఆగుతుంది. ప్లాట్‌ఫారం మీద షావలి ఏదో ఒకటి ఆమె చేతికివ్వాలి. పాతదో, కొత్తదో.

నిన్న మసక చీకట్లో ఆ కొత్తదాన్ని కంటికి పెట్టుకుని చూశాడు. తన కంటికి బూడిదరంగుగా కనిపిస్తున్న రోడ్డు అందులో పట్టపగల్లా ఉంది. ఎదురుగా టీ వడపోస్తున్న మనిషి కంటి మీదికి చిన్న పచ్చ గడి ఒకటి దానంతటదే వచ్చి కూర్చుంది. ఆ మనిషి తల తిప్పితే గడి కూడా తిరిగింది. షావలికి సంతోషం కలగలేదు. కన్నెక్కడుందో అదే వెతుక్కుంటే, ఇన్నేళ్లు తాను చేసిన పని ఏమిటి? మీట నొక్కితే చప్పుడు కూడా లేదు. పాత కెమెరా లోపల అద్దం ఒకటి పైకి లేచి పడుతుంది. ఠక్కుమనేది అదే. దీంట్లో అద్దమే లేదు. తీశానో లేదో తనకే అనుమానం వచ్చి, దాన్ని సంచిలో పెట్టి జిప్పు లాగేశాడు. తిరిగి ఇచ్చేద్దామని పొద్దున దాకా అనుకుంటూనే ఉన్నాడు.

పన్నెండింటికి మహాలక్ష్మి ఫోను చేసింది. పులికాట్ సరస్సు ఒడ్డున జాలర్ల కుప్పంలో ఉంటుంది.

“అన్నా, మా అత్త ఫొటో ఫొటో అని ప్రాణం తీస్తుండాది. ఈ రోజే రావాలంట.”

“పోయిన వారం వచ్చినా గదమ్మా.”

“ఆ ఫొటోలు చూసి కూడు మానేసింది.”

షావలి పాత కెమెరా తీసి మెడలో వేసుకున్నాడు. తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, నల్ల సంచి కూడా భుజానికి తగిలించుకున్నాడు.

బండి మీద సర్వి చెట్ల తోపులు దాటేసరికి గాలి వెనకనుంచి తోయడం మొదలుపెట్టింది. మార్గశిర మాసం ఎండ వీపు మీద వెచ్చగా ఉంది. రోడ్డు పక్కన రెండు కార్లు ఆపుకుని, పెద్ద పెద్ద లెన్సులు పట్టుకున్న వాళ్లు నీళ్లలోని కొంగల గుంపును గురి చూస్తున్నారు. షావలి వాళ్ల చేతుల్లోని కెమెరాల వైపే చూసుకుంటూ పోయాడు.

మహాలక్ష్మి అత్త పేరమ్మకు ఎనభై దాటాయి. నలభై ఏళ్లు రొయ్యల గంప నెత్తిన పెట్టుకుని సూళ్లూరుపేట బజారుకు నడిచింది. రెండు నెలల కిందట తుంటి విరిగి మంచాన పడింది. రేకుల ఇంట్లో మంచం పక్కన ఉన్న ఒక్క కిటికీకీ వలలు అడ్డం. వెలుతురంతా తలుపులోంచి రావాల్సిందే.

ఆమె కోరిక ఒకటే. కళ్లు తెరిచి ఉన్న ఫొటో. జీవితంలో ఆమెకు అలాంటిది ఒక్కటీ లేదు. పెద్దకొడుకు పెళ్లిలో కళ్లు మూసింది. చిన్నకొడుకు పెళ్లిలో మూసింది. ఆ రెండూ తీసింది షావలే. రేషను కార్డులో మూసింది. ఆధార్‌లో సగం మూసింది. ఎప్పుడో తగిలిన ఫ్లాష్ మెరుపు ఆమె రెప్పల్లో అలాగే ఉండిపోయింది. కెమెరా ఎదురుగా రాగానే గట్టిగా మూసుకుంటుంది, ఠక్కుమన్నాకే తెరుస్తుంది.

“వచ్చినావా సాయిబూ” అంది పేరమ్మ గోడ వైపు నుంచి తల తిప్పి. “పోయినసారి గుడ్డిదాన్ని చేసి పోయినావే.”

“లైటు వెయ్యలేదు గదవ్వా. నువ్వే మూసుకున్నావు.”

“నేను మూస్తే నువ్వు తెరిపించాల. ఫొటో తీసేవాడివి నువ్వా నేనా?”

“మంచం బయటికి తెస్తే ఎండలో...”

“నన్ను మంచంతో బయటికి మోసేది ఒక్కసారే. అప్పుడు నీ ఫొటో నాకెందుకు?”

మహాలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పేరమ్మ గొంతు తగ్గించింది. “నాయనా, పోయినాక ఎట్టాగూ మూసుకునేవే గదా ఇవి. గోడ మీదన్నా తెరుచుకోనీ. నా మనవరాళ్లు చూస్తే నేను గూడా వాళ్లని చూస్తుండాలి.”

షావలి పాత కెమెరా ఎత్తాడు. పేరమ్మ రెప్పలు బిగించింది. ఠక్. రెప్పలు విడిపోయాయి. ఆ క్షణమే మళ్లీ నొక్కాడు. రెండో ఠక్కుకు ఆమె మళ్లీ మూసేసింది. తెర మీద చూస్తే మంచం కోడు బాగా వచ్చింది, మొహం పొగలా ఉంది. ఆ చీకటికి ఆ కెమెరా ఓపిక చాలదు. తన కంటికీ చాలదు. ఐదుసార్లు తీశాడు. ఐదుసార్లూ అంతే.

చివరికి నల్ల సంచి జిప్పు లాగాడు.

కొత్తది కంటికి పెట్టుకోగానే ఇల్లంతా కనిపించింది. వల ముడులు, ఉట్టి మీది సత్తు గిన్నె, పేరమ్మ నుదుటి మీద సన్నటి పచ్చబొట్టు. ఇరవై ఏళ్ల నుంచి చూస్తున్న మొహమే. పచ్చబొట్టు ఉందని ఇప్పుడే తెలిసింది. ఆయన మీట నొక్కాడు. చప్పుడు లేదు. పేరమ్మ కళ్లు మూసుకునే ఉంది. మళ్లీ నొక్కాడు. పచ్చ గడి ఆమె మొహమంతా తడుముకుంటూ తిరిగింది. మూసిన రెప్పల మీద ఎక్కడ కూర్చోవాలో దానికి తెలియలేదు.

“ఇంకా కొట్టలా?” అంది పేరమ్మ కళ్లు తెరవకుండానే. “నిద్ర వస్తుండాది నాకు.”

“కొట్టినాడత్తా, ఎప్పుడో కొట్టినాడు” అంది మహాలక్ష్మి.

“చప్పుడు రాందే ఎట్టా కొట్టినాడు? నన్ను మోసం చెయ్యాలని చూస్తుండారు మీరిద్దరూ.”

షావలి కెమెరా దించాడు. ఆ బిగిసిన రెప్పల వైపు కాసేపు చూశాడు. తరువాత, ఎవరో చెప్పినట్టుగా, పాత కెమెరాను ఎడమ చేత్తో అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. దాని లెన్సుకు మూత పెట్టాడు. మూత ఉన్నా మీట పడేలా, లెన్సు పక్కనున్న ఆటో ఫోకస్ స్విచ్చి ఆపేశాడు. కొత్తదాన్ని కుడిచేత్తో ఎత్తి, మోచెయ్యి మోకాలికి ఆనించాడు.

“అయ్యో, మూత పెట్టి కొడతాండావేందన్నా!” అంది మహాలక్ష్మి.

షావలి తల అడ్డంగా ఊపాడు, మాట్లాడొద్దన్నట్టు.

ఎడమ వేలు నొక్కాడు. ఠక్.

పేరమ్మ రెప్పలు తెరుచుకున్నాయి. బిగించిన దవడ వదులైంది. ఒక గండం గడిచిందన్నట్టు ఆమె ఆయన్నే సూటిగా చూసింది. పచ్చ గడి పరుగున వచ్చి ఆ కంటి మీద వాలింది. షావలి కుడి వేలు నొక్కాడు, వదల్లేదు. చప్పుడు లేదు కాబట్టి రెప్ప పడలేదు. ఆమె చూస్తూనే ఉంది. కోడలి వైపు చూసింది, తలుపులోంచి నీళ్ల వైపు చూసింది, మళ్లీ ఆయన వైపు చూసి, “అయిపాయనా? టీ తాగి పో” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలోకి వచ్చిన వెలుగును కూడా ఆయన వదల్లేదు.

తెర మీద పెద్దది చేశాడు. రెండు కళ్లూ ఉన్నాయి. నల్లగుడ్డు చుట్టూ వయసు వేసిన బూడిదరంగు అంచు ఉంది. గుడ్డులో తలుపు ఉంది, తలుపులో చిన్నగా ఎండ ఉంది. షావలి గొంతులోంచి అరుపు లాంటిదొకటి వచ్చింది. వెనకాల కట్టేసిన మేక అదిరిపడింది. నలుగురిలో గట్టిగా నవ్వని మనిషి, ఒళ్లో కెమెరా పెట్టుకుని తొడ చరుచుకున్నాడు.

“కళ్లొచ్చినాయవ్వా!”

పేరమ్మ తెరను మొహం దగ్గరికి లాక్కుంది.

“మా అమ్మ మాదిరి ఉండాను” అంది ముందు. తర్వాత కోడలి వైపు తిరిగింది. “ఇంత పెద్దది చేసి ఆ పొయ్యికి ఎదురుగా కట్టండి. పులుసులో ఉప్పెక్కువేస్తే చూస్తుండాలి.”

“బతికుండంగా చూసేది చాలదా అత్తా నీకు?”

“చాలదు.”

టీలో చక్కెర ఎక్కువైంది. షావలి రెండు గ్లాసులు తాగాడు. తిరుగుదారిలో గాలి ఎదురు కొట్టింది, బండి నెమ్మదిగా నడిచింది, ఆయనకు తొందరేమీ అనిపించలేదు. కన్నెక్కడుందో ఆ కొత్త కెమెరా చూపించింది. అది ఎప్పుడు తెరుచుకుంటుందో మాత్రం తాను చూశాడు. ఇద్దరికీ పని ఉంది. దారిపొడుగునా ఆ మాటే తనలో తాను అనుకుంటూ వచ్చాడు.

సాయంత్రం స్టేషనులో ఒక సిమెంటు బెంచీ మీద కూర్చుని పాత కెమెరాను గుడ్డతో తుడిచాడు. ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఇవ్వాలి. మూలల్లో చేరిన పసుపు, గులాల్ రంగు అగ్గిపుల్లతో తీశాడు. పాతదిస్తే దాని మెడతాడు వద్దని, తన దగ్గర కొత్తది ఉందని ఉష ముందే ఫోనులో చెప్పింది. దాన్ని విప్పి పక్కన పెట్టాడు.

రైలు వచ్చింది. ఉష తలుపు దగ్గరే నిలబడి చెయ్యి ఊపుతోంది. వెనకాల అట్టపెట్టెలు, చుట్టిన పరుపు.

“ఏదిస్తుండారు సార్?”

షావలి పాత కెమెరాను, లెన్సులను రెండు చేతులతో అందించాడు. ఉష దాన్ని ఛాతీకి హత్తుకుంది.

“మంచి పని చేసినారు. నేనైతే మీరు నాది నా మొహాన కొడతారనుకున్నా. మరి ఆ ఠక్కు లేకుండా ఎట్టా? నాకు నేర్పింది అదే గదా మీరు.”

“అట్టనే నిలబడు. కదలొద్దు.”

షావలి కొత్త కెమెరా ఎత్తాడు. చుట్టూ జనం, చాయ్ కేకలు. ఉష అందరిలాగే బిగుసుకుంది, గడ్డం ఎత్తింది, పళ్లు కనిపించేలా నవ్వు తెచ్చిపెట్టుకుంది. షావలి నాలుకను అంగిలికి ఆనించి వదిలాడు.

ఠక్.

ఉష భుజాలు దిగాయి. వెంటనే సంగతి అర్థమై, మోసపోయినందుకు ఒళ్లు మరిచి పకపకా నవ్వింది. పక్క సీటు ముసలాయన కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. షావలి వేలు చప్పుడు లేకుండా పని చేసుకుంటూ పోయింది. రైలు కదిలింది. ఆమె నవ్వుతూనే, కళ్లు తుడుచుకుంటూనే, కెమెరా పట్టుకున్న చెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి సిగ్నలు దాటేదాకా కనిపించింది, కొత్త కెమెరాలో ఇంకా కాస్త దూరం కనిపించింది.

ఆయన వెనక్కి తిరిగాడు. బెంచీ మీద పాత తాడు మెడ వంపు అలాగే నిలుపుకుని పడి ఉంది. ఎప్పుడో తెగిన చోట బొంత కుట్టే తెల్లదారంతో నూర్జాన్ వేసిన కుట్లు, ఒక వరస మీద ఇంకో వరస, చివర ముడి దగ్గర ఆమె పంటితో కొరకడం మరిచిపోయిన అంగుళం దారం.