బల్లి ఒప్పుకున్న తేదీ

రాజమండ్రి దానవాయిపేటలో, మందుల షాపు మేడ మీద చంద్రరావు గారి పెళ్ళి సంబంధాల ఆఫీసు. లోకం పోకడ చూసి ఆయన రెండువేల రెండులో వెబ్‌సైటు పెట్టించారు. అక్కడ పనిచేసే హైమ పొద్దున్నే వచ్చి కంప్యూటర్ మీద గుడ్డ తీసి, జనం నింపిన ఫారాలు చూసేది. పుట్టిన తేదీ అడిగితే ఒకరు "ఉగాది మర్నాడు" అని, ఇంకొకరు ఫిబ్రవరి ముప్పై అని కొట్టేవారు. ఒక తండ్రయితే కంగారులో కూతురు వచ్చే ఏడాది పుట్టినట్టు వేశాడు.

హైమ కూర్చుని ప్రోగ్రాం రాసింది. క్యాలెండర్‌లో లేని తేదీ గానీ, ఇంకా రాని తేదీ గానీ కొడితే ఎర్ర అక్షరాలు వస్తాయి, ఫారం కదలదు. అయినా అది సగం పనే. మిగతా సగం మానిటర్ వెనక ఉండే బల్లిది. తెర మీద తేదీ నిజమైతే అది పలికేది. హైమ బల్ల మీద వేలితో తట్టి "సత్యం" అని, అప్పుడు స్టోర్ చేసేది. వయసు తగ్గించిన వాళ్ళకి ఫోన్ చేసి "బల్లి పలకలేదండి" అంటే చాలు, నాలిక్కరుచుకుని అసలు తేదీ చెప్పేసేవారు.

వానాకాలంలో కడియం నుంచి విష్ణు వచ్చాడు. మొక్కల నర్సరీ ఉంది, తల్లి లేదు, పెంచింది పిన్ని. సర్టిఫికెట్‌లో జూన్ ఒకటి. బల్లి ఉలకలేదు, పలకలేదు.

"బళ్ళో చేర్చినప్పుడు మాస్టారు అందరికీ అదే వేశారండి," అన్నాడు విష్ణు. "పిన్నికి తుఫాను వచ్చిన ఏడని తప్ప తెలీదు. జాతకం లేదని వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పోతున్నాయి."

"పెద్ద తుఫానంటే డెబ్భై ఏడు కదండీ. జనవరి నుంచి ఒక్కోటీ కొట్టి చూద్దాం," అంది హైమ.

బల్లికి ఓపిక తక్కువ. అయిదారు తేదీలు చూసి ట్యూబ్‌లైటు దగ్గరికి పురుగుల వేటకి పోయేది. అందుకని విష్ణు వారానికి మూడు సార్లు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒక కుండీ తెచ్చేవాడు. ఒకసారి కనకాంబరం, ఒకసారి నందివర్ధనం.

రెండోసారి వచ్చినప్పుడే, అతను కుండీ కోసం కిందికి దిగగానే, హైమ జనవరి ఎనిమిది కొట్టింది. బల్లి పలికింది. చంద్రరావు గారు పేపరు దించి ఓసారి చూసి, మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. విష్ణు రొప్పుతూ పైకొచ్చాడు. "ఏవన్నా అందాండీ?"

"ఎక్కడండీ," అంది హైమ, తొమ్మిది కొడుతూ. ఆ రోజు ఇంటికి పాడుకుంటూ వెళ్ళింది.

వానలు వెళ్ళాయి. మెట్ల నిండా చామంతులొచ్చాయి. ఎంత నెమ్మదిగా కొట్టినా, బల్లి కనబడని రోజు మళ్ళీ రమ్మన్నా, డిసెంబరు ముప్పై ఒకటి రానే వచ్చింది. బల్లి మాట్లాడలేదు.

"నాకు పుట్టినరోజు లేదనుకుంటానండి," అని విష్ణు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మీకు చాలా శ్రమిచ్చాను. ఇక రానులెండి." లేచి చెప్పులు వేసుకున్నాడు.

హైమ కీబోర్డు ముందుకు లాక్కుంది. గబగబా జనవరి ఎనిమిది కొట్టింది. బల్లి ఠక్కున పలికింది.

విష్ణు ఒంటి చెప్పుతో నిలబడిపోయాడు. "ఇది చూశాం కదండీ?"

"చూశామండి. అప్పుడే పలికింది."

"మరి చెప్పలేదేంటండి?"

"చెబితే జాతకం వేయించుకుంటారు. సంబంధం కుదురుతుంది. ఇక రారు కదా," అంది హైమ, మొహం మొక్కల వైపు తిప్పుకుని.

విష్ణుకి ఆ మాట అర్థమయ్యాక మొహమంతా వెలిగిపోయింది. రెండో చెప్పు కూడా విప్పేసి వచ్చి కూర్చున్నాడు. "ఆ ఫారం స్టోర్ చెయ్యకండి," అన్నాడు. "ఇంకెవరూ చూడక్కర్లేదు."

చంద్రరావు గారు పేపరు మడిచి పంచాంగం తీశారు. "దొంగ మొహమా, ఇన్నాళ్ళూ నా చేత పేపరు చదువుతున్నట్టు నటింపజేశావు. మాఘమాసం... మీ పెళ్ళి ముహూర్తం ఫిబ్రవరి పదమూడు, గురువారం. కొట్టమ్మా."

హైమ కొట్టింది. ఇంకా రాని తేదీ కుదరదంటూ, తను రాసిన ప్రోగ్రామే ఎర్ర అక్షరాలు చూపించింది. బల్లి మాత్రం గొంతెత్తి పలికింది.

ముగ్గురూ ఒక్కసారే బల్ల తట్టారు.