పగటిపూట మాత్రమే

మా తాతని పోలీసు ఆపింది మరీ నెమ్మదిగా వెళ్తున్నందుకు. హైవే మీద చీకట్లో ఎంత నెమ్మదిగా వెళ్తున్నాడంటే, ఆ డిప్యూటీ పోలీసు తన కారు పక్కన పెట్టి, దిగి, నడుచుకుంటూ వచ్చి మా కిటికీ తట్టాడు. ఆగమని కూడా అనలేదు. అవసరం రాలేదు.

"పెద్దాయనా, ఎంత స్పీడులో ఉన్నారో తెలుసా?"

"తెలీదు బాబూ. మీటర్ దీపాలు పోయాయి," అన్నాడు పెపేర్.

ఫ్రెంచి మాట్లాడే మా నది లోయలో తాతని పెపేర్ అనీ, అమ్మమ్మని మెమేర్ అనీ పిలుస్తాం. పెపేర్‌కి అబద్ధం ఆడటం రాదు. నేర్పుదామని నేను పద్నాలుగేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. నా వయసూ అంతే.

ఆ కారు నాకంటే పన్నెండేళ్లు పెద్దది. డాష్‌బోర్డులో బల్బులు ఒక్కొక్కటే మాడిపోయి, చీకటి పడితే స్పీడోమీటరు ఉన్నచోట ఒక గొయ్యి ఉండేది. చూస్తే పడిపోతామేమోనని నేను అటు చూసేదాన్ని కాదు. ఇదంతా డిప్యూటీ పై ఆఫీసుకి చెప్పాడు. పైవాళ్లు ఎనభై రెండేళ్ల మనిషిని మళ్లీ డ్రైవింగ్ పరీక్షకి రమ్మన్నారు.

లైసెన్సు పోతే మెమేర్ తిండి మానేస్తుంది. అంతే సంగతి. ముప్పై మైళ్ల అవతల వృద్ధుల ఆసుపత్రిలో ఉంటుంది మెమేర్. నర్సులు పెడితే పళ్లు బిగిస్తుంది. వాళ్లు బతిమాలి తాగించే రెండు గుక్కల పాలతో పిచ్చుక కూడా బతకదు. రాత్రి భోజనం ఒక్కటే తింటుంది, అదీ పెపేర్ పక్కన కూర్చుని ప్లోయ్ అట్టు తుంచి, కోడి పులుసులో ముంచి నోటికి అందిస్తేనే. ఆయన యాభై ఏళ్లు బంగాళాదుంపల పొలం నుంచి చీకటి పడ్డాకే ఇంటికొచ్చేవాడు. ఆయన వచ్చేదాకా ఆవిడ ముద్ద ముట్టేది కాదు. ఇప్పుడు సొంత పేరే మరిచిపోయింది, ఈ అలవాటు మాత్రం మరిచిపోలేదు.

అమ్మ, అమ్మ కారు రాత్రి ఏడింటి దాకా దుంపల షెడ్డులో పని దగ్గరే ఉంటాయి. అప్పటికి ఆసుపత్రిలో భోజనాలు అయిపోతాయి. నాకు ట్రాక్టరు నడపడం వచ్చు. కానీ ట్రాక్టరు మీద అట్లు తీసుకెళ్తే మెమేర్‌కి అవి మర్నాడు టిఫినుకి అందుతాయి.

పరీక్ష ముందురోజు మా ఇంటి షెడ్డులో కారు డాష్‌బోర్డు విప్పాం. మరలు తీసి, మీటర్ల పెట్టెని ముందుకి లాగి, వెనక్కి చెయ్యి పెట్టాలి. బల్బు చిటికెనవేలి గోరంత ఉంటుంది. ప్లాస్టిక్ బిరడాలో కూర్చుని ఉంటుంది, పావు చుట్టు తిప్పితే చేతికొస్తుంది. పెపేర్ వేళ్లు దుంపలు ఏరడానికి పుట్టినవి. ఒక్కో వేలూ ఆ సందులో దూరేలోగా చలికాలం అయిపోతుంది. అందుకని నేనే చెయ్యి పెట్టాను.

మాడినవి నాలుగు. స్పేరుపార్టుల షాపతను సొరుగు బోర్లించి దులిపితే మూడు రాలాయి. ఇంకోటి వచ్చే వారం అన్నాడు. స్పీడోమీటరు వెనక రెండు పెట్టాను, ఎడమ ఇండికేటరు బాణానికి ఒకటి పెట్టాను. హై బీమ్ వేస్తే వెలిగే నీలం దీపం ఖాళీగా మిగిలింది. పరీక్షకి ముందు అదీ చూస్తారు.

"అయిపోయింది, పరీక్ష పోయింది," అన్నాడు పెపేర్. స్టీరింగ్ మీద నుదురు ఆన్చాడు. హారన్ మోగింది. తల ఎత్తలేదు. హారన్ అలా మోగుతూనే ఉంది.

"పెపేర్, తల తియ్యి! ఊరంతా వచ్చేస్తుంది. ఇదిగో, ఈ బ్యాటరీ బొమ్మ వేసిన దీపం ఉందిగా. తాళం తిప్పగానే ఒక్క క్షణం ఎర్రగా వెలుగుతుంది, ఇంజను అందుకోగానే ఆరిపోతుంది. రోజంతా పనే లేదు దీనికి. ఇంత సోమరి బల్బుని నేనెక్కడా చూళ్లేదు."

"అక్కడ ఎందుకో పెట్టుంటారే, ఓడిల్."

"అందానికి పెట్టారు."

"నువ్వు చెప్తే నమ్మబుద్ధేస్తుంది. అదే నా భయం."

సోమరి బల్బుని పీకి నీలం దీపంలో పెట్టాను.

ఆ సాయంత్రం డాష్‌బోర్డు క్రిస్మస్ నాటి చర్చిలా వెలిగింది. హెడ్‌లైట్లు, హీటరు, రేడియో అన్నీ వేసుకుని వెళ్లాం. స్పీడు ముల్లుని చూసి పెపేర్, "అబ్బో, యాభై అయిదే!" అని మురిసిపోయాడు. మెమేర్ రెండు అట్లు తినేసి పళ్లెం వైపు చూసింది. తిరిగొస్తూ పెపేర్ ఏదో పాత పాట కూడా ఎత్తుకున్నాడు. ఆపమని బతిమాలాను.

పొద్దున కారు మూలిగి మూలిగి స్టార్టయింది. చలికి అనుకున్నాం.

పరీక్ష పెట్టేది పింకమ్ గారు. టై కూడా ఇస్త్రీ చేసుకునే మనిషి. బాణాలు, నీలం దీపం, హారన్ అన్నీ చూసి తలూపాడు. నన్ను మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద ఉండమని, పెపేర్ పక్కన కూర్చున్నాడు. కారు మలుపు తిరిగింది.

ఎంతకీ రాలేదు. వేలి గోళ్లన్నీ కొరికేశాను. ఇక కాలివి మొదలుపెడదామా అనుకుంటుండగా దుంపల ట్రక్కు ఒకటి మలుపు తిరిగింది. దాని వెనక గొలుసు, గొలుసు వెనక మా కారు. పెపేర్ స్టీరింగ్‌తో కుస్తీ పడుతున్నాడు. పక్కన పింకమ్ గారు తన పరీక్ష కాగితాల అట్టని గుండెకి హత్తుకుని కళ్లు మూసుకున్నాడు.

ట్రక్కు దిగింది అమ్మ పెత్తండ్రి కొడుకు క్లోవిస్ మామ. బానెట్ ఎత్తాడు, లోపలికొచ్చి తాళం తిప్పి డాష్‌బోర్డు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"బ్యాటరీ బల్బు పీకిన మహానుభావురాలెవరే?"

"పనీపాటా లేకుండా ఉంది కదా అనీ..."

"ఈ పాత బండికి దానిగుండా వెళ్లే కరెంటే ఆల్టర్నేటర్ని నిద్రలేపేది! అది లేకపోతే చార్జింగే లేదు. నిన్నట్నుంచీ బ్యాటరీని పీల్చి పిప్పి చేశారు. మీ తెలివి తగలెయ్యా!"

నేను పింకమ్ గారికి అడ్డం వెళ్లాను. "తప్పు నాది సార్. ఆయన వద్దన్నాడు. ఆయన్ని ఫెయిల్ చెయ్యకండి."

"ఆయన డ్రైవింగ్‌కి వంక పెట్టను," అన్నాడాయన. "ఇంజను ఆగిపోయినా కారుని గట్టుకి చేర్చారు. చెయ్యి బయటపెట్టి సిగ్నల్ కూడా ఇచ్చారు. కానీ పాపా, ఇదే చీకట్లో అయితే? ముందు దీపాలుండవు, వెనక దీపాలుండవు. ఆ ట్రక్కు మిమ్మల్ని లాక్కొచ్చేది కాదు, మీ మీంచి పోయేది. లైసెన్సు ఇస్తాను. పగటిపూట మాత్రమే. వసంతంలో మళ్లీ రండి."

నవంబరులో మా దగ్గర సూర్యుడు మూడున్నర దాటగానే డ్యూటీ దిగిపోతాడు.

"వసంతం దాకా మా ఆవిడ ఉండొద్దూ," అన్నాడు పెపేర్.

పింకమ్ గారు తన బూట్ల వైపు చూసుకున్నాడు. అయినా రాసింది మార్చలేదు.

క్లోవిస్ మామ తన ట్రక్కు బల్బొకటి పీకి మా కారులో పెట్టి, ట్రక్కు నుంచే మా బ్యాటరీకి కరెంటు ఎక్కించాడు. దీపాలన్నీ వెలిగాయి. పగలు ఆ వెలుగు ఎవరికీ కనిపించదు.

పెపేర్ మధ్యాహ్నాలు వెళ్లడం మొదలుపెట్టాడు. మొదటిరోజు అట్టు ముక్క నోటి దాకా తీసుకెళ్తే మెమేర్ మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టిందట. "ఇప్పుడు కాదండీ. మా ఆయన ఇంకా పొలంలో ఉన్నాడు. చీకటి పడ్డాక వస్తాడు." ఎవరో పరాయివాడితో మాట్లాడినట్టు. రెండోరోజూ అంతే. మూడోరోజుకి నర్సులు ట్యూబుతో తిండి ఎక్కించే మాట ఎత్తారు. పెపేర్ ఇంటికొచ్చి, మూత తియ్యని గిన్నె బల్ల మీద పెట్టి, కోటు కూడా విప్పకుండా కూర్చుండిపోయాడు.

చీకట్లోకి ఆయన వెళ్లకూడదు. సరే. చీకటినే తీసుకెళ్దాం అన్నాను.

శనివారం ఇద్దరం దుంపల షెడ్డు నుంచి నల్ల టార్పాలిన్ తీసుకెళ్లాం. నర్సు నోరు తెరిచేలోగా మెమేర్ గది కిటికీకి దాన్ని చుట్టూ టేపుతో అంటించేశాను. తలుపు సందులో తువ్వాలు కుక్కాను. మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో అమావాస్య. చిన్న దీపం వేశాను. పెపేర్ బయటికెళ్లి పొలం బూట్లు తొడుక్కుని, గుమ్మంలో మట్టి దులుపుతున్నట్టు కాళ్లు నేలకి కొట్టాడు.

మెమేర్ తల తిప్పింది.

"ఇంత ఆలస్యమేంటి, ఆల్సీడ్?"

పెపేర్ అసలు పేరు ఆవిడ నోట నేను వినడం అదే మొదటిసారి. పెపేర్ పక్కన కూర్చున్నాడు. అట్టు తుంచాడు. తిన్నది. ఇంకోటి తుంచాడు. అదీ తిన్నది. మూడోదానికి పులుసు అయిపోయింది, వట్టిదే తిన్నది.

నేను టార్పాలిన్ మూల కొంచెం లేపి చూశాను. పొద్దు ఫర్ చెట్ల చివర్లకి దిగింది. ఇంటికి ముప్పై మైళ్లు.

"పెపేర్, బయల్దేరాలి. ఇప్పుడే."

ఆయన లేచాడు. మెమేర్ ఆయన చొక్కా చేతి మడత పట్టుకుంది. అన్ని రోజులు తినని మనిషి పట్టులా లేదది. నేను వెళ్లి ఒక్కో వేలూ విప్పబోయాను. ఒకటి విప్పితే రెండు బిగిశాయి.

"బుద్ధుందా నీకు?" అంది ఆయనతో. "ఇంత చీకట్లో ఎక్కడికి పోతావు?"

పెపేర్ కిటికీ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూడకుండా మంచం అంచున కూర్చుని, బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.