తగిలిన కాలు, తొక్కిన కాలు

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో సోమశేఖర్ కిరాణా దుకాణం సాయంత్రమైతే చాలు కిటకిటలాడుతుంది. ఆ రోజు కోమలవల్లి కూతురు మేధను వెంటబెట్టుకుని కందిపప్పు కోసం అక్కడికి వెళ్ళింది. బస్తాల మధ్య నుంచి వస్తూ సోమశేఖర్ ఎప్పటిలాగే మేధ పాదం మీద కాలు వేశాడు. డిగ్రీ చదివే పిల్ల చటుక్కున వంగి, ఆయన కాలు తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుంది. ఆయన వీపు నిమిరి దీవించాడు. పెద్దల కాలు తగిలితే అలా మొక్కాలని పసితనం నుంచీ నేర్పింది కోమలవల్లే. గుడి అయ్యగారి బిడ్డకు సంస్కారం ఎక్కడికి పోతుందని ఆయన మెచ్చుకుంటే ఆ తల్లి మురిసి ముక్కలైంది. కూతురి ముఖం వైపు మాత్రం చూడలేదు. అయ్యలారా, అమ్మలారా, మనలో మాత్రం ఎంతమందిమి చూస్తాం?

ఆ తర్వాత దుకాణానికి రమ్మంటే మేధ తలనొప్పి అనేది. కొన్నాళ్ళకు స్నేహితురాలు అమలతో కలిసి బాక్సింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. కోమలవల్లి గుండెల్లో రాయి పడింది. ముక్కు పగిలితే? పన్ను ఊడితే? గుడిలో అర్చన చేసుకునే వేణుగోపాల్ కూతురు గుద్దులాట నేర్చుకుంటోందని నలుగురూ నవ్వితే? పైగా గుడి కమిటీకి పెద్ద ఆ సోమశేఖరే. ఆయనకు నచ్చకపోతే భర్త కొలువుకే ఎసరు. భర్తేమో ఒంటికి మంచిదేగా, పోనీయమని చెప్పి గుడికి వెళ్ళిపోయాడు. ఆమెకు మాత్రం అన్నం సయించలేదు. చివరికి తానూ వస్తానని కూతురి వెంట బయల్దేరింది, కాపలాకు.

దగ్గర్లోని కమ్యూనిటీ హాల్లో స్రవ్య అనే ఆమె నేర్పుతోంది. ఒకప్పుడు పోటీల్లో పతకాలు గెలిచిన మనిషి. మొదట్లో గుద్దులే లేవు. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, పిడికిళ్ళు గడ్డం దగ్గర. అలా నిలబడటమే చదువు. ఏమైనా సరే చూపు కిందికి దించొద్దని స్రవ్య పదేపదే చెప్పేది. కోమలవల్లి గోడవారన కూర్చుని, గ్లౌజు చప్పుడైన ప్రతిసారీ గోవిందా అనుకునేది.

ఒకరోజు మేధకు, అమలకు జోడీ కట్టారు. ముందుకు దూకిన అమల కాలు మేధ పాదం మీద పడింది. మేధ వెంటనే వంగింది! గ్లౌజుతోనే అమల కాలు తాకి కళ్ళకద్దుకోబోయింది. అప్పటికే అమల విసిరిన గుద్దు ఆగలేదు. మేధ ముక్కు నుంచి నెత్తురు కారింది. మిగతా పిల్లలు పకపకా నవ్వారు. కోమలవల్లి కొంగుతో పరుగెత్తింది.

స్రవ్య నవ్వలేదు. ఎవరి కాలు ఎవరి మీద పడిందని అడిగింది. తొక్కింది తనేనని అమల ఒప్పుకుంది.

"మరి నువ్వెందుకు వంగినవ్?" అంది స్రవ్య.

మేధ గ్లౌజు విప్పుతూ చెప్పింది. "అలవాటు మేడం. దుకాణంల ఆ అంకుల్ కావాలని తొక్కినా నేనే వంగుత. వంగితే దీవిస్తున్నట్టు వీపంతా చెయ్యి పెడతడు."

ముక్కు పగులుతుందని ఇన్నాళ్ళూ వణికిన ఆ పిచ్చితల్లికి, అసలు దెబ్బ ఎక్కడ తగులుతోందో అప్పుడు తెలిసింది. ముందే ఎందుకు చెప్పలేదని ఇంటికి వస్తూ దారిలో అడిగింది.

"నేను వంగినప్పుడల్లా నువ్వు మురుస్తుంటివి గదమ్మా," అంది మేధ.

ఆ మాటతో కోమలవల్లికి కంటి మీద కునుకు కరువైంది. నోరు తెరిస్తే భర్త కొలువు, మూసుకుంటే బిడ్డ బతుకు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ వారంలోనే ఇంట్లో పప్పు నిండుకుంది. వేరే దుకాణానికి పోదామంటే మేధ ఒప్పుకోలేదు, అక్కడికే పోదామంది. తల్లి సంచి తీసుకుని వెంట నడిచింది.

దుకాణం నిండా జనం. సోమశేఖర్ భార్య విమలాదేవి తూకం వేస్తోంది. కాసేపటికి ఆయన కాలు రానే వచ్చి మేధ పాదం మీద పడింది. మేధ వంగలేదు. ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక. పిడికిళ్ళు వాటంతటవే గడ్డం దగ్గరికి లేచాయి. చూపు దించలేదు.

"కాలు తీయండి అంకుల్."

దుకాణం చప్పున సద్దుమణిగింది. సోమశేఖర్ నవ్వబోయాడు. "ఏంది బిడ్డా గిట్ల? పెద్దోళ్ళ కాలు తగిలితే మొక్కాలె గద. మీ అమ్మ నేర్పలేదా?" అంటూ కోమలవల్లి వైపు చూశాడు.

గుడి, కొలువు, నలుగురి నోళ్ళు అన్నీ ఆమె కళ్ళ ముందు తిరిగాయి. రేపు ఏమవుతుందో ఆమెకు తెలియదు. అయినా వెళ్ళి కూతురి పక్కన నిలబడింది. తూకం వేస్తున్న విమలాదేవి చెయ్యి ఆగిపోయింది.

"నేర్పిన అన్నా, సగమే నేర్పిన. తప్పు నాదే," అంది కోమలవల్లి. "మిగిలిన సగం ఇయ్యాల నేర్పుతున్న. నా బిడ్డ, కాలు తగిలితే మొక్కుతది. తొక్కితే మొక్కదు."