నల్లకోటు, నల్లతలుపు

నవంబర్లో సెయింట్ మార్టిన్ పండుగ నాడు మా జ్నోయ్మో ఊళ్లో ప్రతి ఇంటా పెద్దబాతు వేగుతుంది, కొత్త వైన్ సీసాలు తెరుచుకుంటాయి. మా ఇంట్లో మాత్రం ముందు నన్ను తలుపు ముందు నిలబెడతారు. ఫోటో అయితేనే బాతు. నా ఆరో ఏట, అమ్మ పోయిన సంవత్సరం మొదలైన ఆచారం ఇది. అమ్మ నల్లకోటు నాకు తొడిగి, వైన్ నేలమాళిగ నల్లతలుపు ముందు నిలబెట్టి నాన్న ఒక ఫోటో తీశాడు. అప్పుడు ఆ కోటు నేల మీద జీరాడింది. ఇప్పుడు నాకు ముప్ఫై నాలుగేళ్లు, కోటు చంకల్లో పట్టేస్తోంది. తలుపు మాత్రం అలాగే ఉంది. దానికి ఏటా రంగు వేయిస్తాడు మరి.

"జడ ముందుకేసుకో. కళ్లజోడు తీసెయ్."

"కళ్లజోడు తీస్తే నాకు నువ్వు కనపడవు నాన్నా."

"నువ్వు నన్ను చూడక్కర్లేదు. నేను నిన్ను చూస్తున్నా కదా, చాలు."

చూసేదేమీ లేదు. ఆయన పాత ఫ్లెక్సారెట్ కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని, తలొంచి పైనుంచి చూడాలి. నాకు ఏటా కనబడేది ఆయన బట్టతల. ఆయనకు కనబడేది చిన్న గాజుపలక మీద కుడిఎడమలు తారుమారైన నేను. ఆ తారుమారు మనిషినే మా నాన్న కూతురనుకుంటాడని నా నమ్మకం.

ఈ ఒక్క ఫోటో కోసం ఏడాది పొడుగునా ఎన్ని ఆంక్షలో! జుట్టు కత్తిరించకూడదు, వరుస చెడిపోతుంది. ఎండకు కమలకూడదు, వరుస చెడిపోతుంది. నవంబర్లో ఊరు దాటకూడదు. రదీమ్ అనే అతను నన్ను పెళ్లి చేసుకుని కోషిత్సే తీసుకెళతానన్నాడు ఒకప్పుడు. నాన్న కాదనలేదు. "నవంబర్‌కి తెచ్చి దింపేస్తావుగా?" అని మాత్రం అడిగాడు, ఎరువిచ్చిన నిచ్చెన గురించి అడిగినట్టు. రదీమ్ మళ్లీ మా గుమ్మం తొక్కలేదు.

ఊరికి కూడా నేను జ్దిస్లావాను కాను, "తలుపు పిల్ల"ను. నేను కట్టుడుపళ్లు తయారుచేస్తాను. ఈ ఊళ్లో సగం నోళ్లలో ఉన్నది నా చేతిపని. ఆ పళ్లతోనే నన్ను తలుపు పిల్లా అని పిలుస్తారు.

ఈసారి ఆయన తలొంచగానే చెప్పేశాను. ఎదురుగా మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు.

"నాన్నా, ట్రియెస్టెలో పని దొరికింది. డిసెంబర్లో చేరాలి. సముద్రం పక్కనే. ఇక నవంబర్‌కి కూడా రాను. ఇదే ఆఖరి ఫోటో."

"ఊఁ. గడ్డం కొంచెం కిందికి."

"విన్నావా?"

"విన్నాలే. కదలకు." క్లిక్‌మంది. "పద పద, బాతు మాడిపోతోంది."

మర్నాడు ఉదయం డార్క్‌రూమ్‌లోకి దిగాం. డార్క్‌రూమ్ అంటే నేలమాళిగలో వెనకటి చాకిరేవు గది. నాన్న చేతులు వణకడం మొదలైనప్పటి నుంచి ప్రింట్లు నేనే తీస్తున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని, ఏమీ పట్టనట్టు మొహం పెట్టుకుని, అన్నీ పట్టించుకుంటాడు. ఆ గదికి ఒకే ఒక చట్టం ఉంది. వెలుతురు తగిలితే పాడయ్యే ఆ కాగితం పెట్టె తెరిచాక, బొమ్మను నిలబెట్టే హైపో మందులో ప్రింటు పడేదాకా, ఇల్లు తగలబడినా గడియ తీయకూడదు.

ఎర్రదీపం వెలుగులో కాగితాన్ని డెవలపర్‌లోకి జార్చాను. ముందు తలుపు తేలింది, తర్వాత కోటు, తర్వాత జడ. నాన్న సరిగ్గా అప్పుడే గొంతు సవరించుకున్నాడు.

"బ్ర్నో నుంచి హావ్రాంకోవా వస్తోంది మధ్యాహ్నం. ఆ చిత్రశాలావిడ. మన ఫోటోలకి ఓ పొడుగాటి గోడ ఇస్తారట. ఏటా ఒకటి చేరుస్తూ పోవాలి, మనిద్దర్లో ఒకరు పోయేదాకా. సరేనన్నా."

"నిన్ననే కదా చెప్పాను వెళ్లిపోతున్నానని!"

"వెళ్లు, ఎవడొద్దన్నాడు? ట్రియెస్టె ఏమైనా చంద్రలోకమా? నవంబర్లో రైలెక్కితే సరి."

"రానన్నాను. అసలు ఎవర్నడిగి సరేనన్నావ్?"

"ఎవర్నడగాలే? ఫోటోలు నావి."

"మొహం నాది!"

"అరవకు. ట్రే కదుపుతూ ఉండు, మచ్చలు పడతాయ్."

నేను ట్రే వదిలేసి తలుపు దగ్గరికి వెళ్లాను. గడియ మీద చెయ్యి వేశాను. బయటికి పోవాలి, గట్టిగా గాలి పీల్చుకోవాలి, అంతే. కానీ వెనక ట్రేలో ఆ మొహం ఇంకా పూర్తిగా తేలలేదు. ఎంత కోపంలో ఉన్నా పాలు పొంగుతుంటే మంట తగ్గిస్తాం చూడండి, నాకూ అలాంటి పాడు అలవాటే. గడియ వదిలేసి వెనక్కొచ్చి ట్రే కదిపాను. నా కళ్లు కాగితం మీద మెల్లగా తెరుచుకున్నాయి. నన్ను బంధించి ఉంచినది ఆ గడియ కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఏడుపొచ్చింది. ఎర్రదీపం దయవల్ల ఆయనకు కనబడలేదు.

హైపో అయ్యాక లైటు వేసి ప్రింటును తొట్టిలో నీళ్ల కింద పెట్టాను. అది చాలాసేపు నానాలి. క్రిస్మస్ ముందు ఊళ్లో అందరి స్నానాల తొట్టెల్లో పండక్కి వండబోయే చేప ఈదుతుంది. మా తొట్టిలో ఈదేదాన్ని నేను. నాన్న ఒళ్లు విరుచుకుని లేచాడు.

"కడుగు బాగా అవనియ్. తర్వాత సెలీనియం. తొందరపడకు, పూర్తిగా పట్టనియ్."

"తెలుసు."

"తెలుసనుకున్నప్పుడే చెడగొడతావ్," అంటూ మెట్లెక్కి వెళ్లాడు.

నాకు నిజంగానే తెలుసు. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పాడు. సెలీనియం ముందు నలుపును పట్టుకుంటుంది. తెలుపు జోలికి ఆఖర్న వెళుతుంది. ఫోటోలో బొమ్మంటే వెండిపొడే, సెలీనియం పట్టుకున్న వెండి చెక్కుచెదరదు, మనవల మనవలదాకా ఉంటుంది. పట్టిందో లేదో చూడ్డానికి ఒక ముక్క కత్తిరించి పసుపుపచ్చ బ్లీచ్‌లో ముంచేవాడు. సెలీనియం పట్టని చోటు కరిగిపోయేది. నా బుగ్గలు అలా కరిగిపోవడం ఎన్నోసార్లు చూశాను. "చూశావా, దీనికి ఇంకా పట్టలేదు," అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని.

కిటికీ తెరిచాను. సెలీనియం కంపు ముక్కులు బద్దలుకొడుతుంది. చలికి కొక్కేనికున్న అమ్మ కోటే తీసి వేసుకుని, చేతికి తొడుగులు తొడిగి, ప్రింటును సెలీనియంలోకి దించాను. కాసేపటికి తలుపు నలుపు చిక్కబడింది, కోటు వంకాయరంగు నీడ తిరిగింది. మొహం మాత్రం ఇంకా మామూలుగానే ఉంది. ఎప్పటిలా అయితే ఇంకా ఉంచాలి. నేను పటకారుతో పైకి తీసేశాను.

బాగా కడిగాను. తర్వాత బ్లీచ్ కలిపి ప్రింటు మొత్తాన్ని అందులో ముంచాను.

ముందు నుదురు పోయింది. తర్వాత ముక్కు, బుగ్గలు, కోటు చేతుల చివర తెల్లగా ఉన్న నా వేళ్లు. కళ్లు కాస్త మొండికేశాయి. ఆఖరికి అవీ పోయాయి. తలుపు, కోటు, కోటు మీద జడ మిగిలాయి, మధ్యలో కోడిగుడ్డంత తెల్లకాగితం. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మళ్లీ ప్రింటు తీయడానికి వీల్లేకుండా నెగెటివ్‌ను కత్తెరతో ముక్కలు చేశాను. ఇక ఆయన అరుస్తాడు, బహుశా కొడతాడు కూడా, కానీ ఒక్కసారైనా తలెత్తి నా మొహం చూస్తాడు. ఎక్కడికి పోయిందే నీ మొహం అని అడుగుతాడు. చెప్పాల్సింది సిద్ధం చేసుకున్నాను.

పైన హావ్రాంకోవా నిన్నటి బాతు తింటోంది. తడి ప్రింటును గాజుపలక మీద పరిచి వాళ్ల పళ్లేల మధ్య పెట్టాను. నెగెటివ్ ముక్కలు పక్కన పోశాను.

"ఇంకోటి తీయడానికి లేదు," అన్నాను.

నాన్న కళ్లజోడు పెట్టుకున్నాడు. వంగి చూశాడు. ముక్కల్ని వేలితో కదిపాడు. ఆయన భుజాలు అదరడం చూసి నాకు జాలేసింది. అప్పుడు ఆయన తలెత్తాడు, నావైపు కాదు, ఆవిడవైపు. కళ్లనిండా నీళ్లు.

"ఇదమ్మా! ఇన్నేళ్లుగా నేను తీయాలనుకున్నది ఇదే. మా ఆవిడ కోటు. ఈ మొహమే ఎప్పుడూ అడ్డమొచ్చేది."

"గోడ చివర దీన్నొక్కదాన్నే పెడదాం వెందెలీన్ గారూ," అంది ఆవిడ నాన్నతో, చేతిలోని ఫోర్కు కింద పెట్టేసి. "ఇక నుంచి ఏటా ఇలాగే వస్తే ఎంత బాగుంటుంది!"

"ఎందుకు రాదు? వస్తుంది!" నాన్న అప్పటికే లేచి కెమెరా మెడలో వేసుకుంటున్నాడు. "వెలుతురుంది, ఇప్పుడే తీద్దాం. పిల్లా, ఆ కోటు విప్పు."

"నాన్నా, నేను..."

"నువ్వక్కర్లేదే! వెళ్లు, నీ ట్రియెస్టెకి హాయిగా వెళ్లు. కోటు చాలు."

నేను కోరుకున్నది అదే. అక్షరాలా అదే. అయినా ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

కిందికి దిగాం. అమ్మ కోటు విప్పి తలుపుకు మేకు కొట్టి తగిలించాను. నాన్న భుజాలు సర్ది, గుండీలు పెట్టి, కాలరు మీది దారప్పోగు ఏరేశాడు. నాకు ఎన్నడూ అంత నెమ్మదిగా సర్దిపెట్టలేదు. నేను పలుచటి జాకెట్టుతో ఆయన వెనక నిలబడ్డాను. రైలు టికెట్టు జేబులోనే ఉంది, వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. వెళ్లిపోవడానికి అడ్డేమీ లేదు.

ఆయన కెమెరా మీదికి తలొంచాడు.

"కదలకు పిల్లా," అన్నాడు కోటుతో.

వెనక నేను ఊపిరి బిగబట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, అలాగే నిలబడిపోయాను.