షౌకత్ బీ ముడి

ఓదెలును ఆటోలోంచి దించేటప్పటికి అతను బతికే ఉన్నాడు. ఈ మాట మొదటే చెప్పి తీరాలి. ఎందుకంటే ఆ తర్వాత ఒక రోజంతా ఈ ఒక్క మాటను పాతిపెట్టడానికి పెద్దమనుషులు చాలామంది చొక్కాలు నలగకుండా కష్టపడ్డారు.

ఉదయం పదకొండు దాటింది. వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. చాంద్రాయణగుట్ట వైపు నుంచి వచ్చిన ఆటో బస్తీ ఆసుపత్రి ఎమర్జెన్సీ గుమ్మం ముందు ఆగింది. నడుము దాకా మురుగులో తడిసిన ఇద్దరు మనుషులు మూడో మనిషిని చేతుల మీద మోసుకొచ్చారు. చీటీల వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు ఆ వాసనకు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

"మ్యాన్‌హోల్ల దిగిండు మేడమ్! మాస్కు లేదు, తాడు లేదు. అయిదు నిమిషాల పని, దిగుర అన్నడు మా ఏజెన్సీ సారు. పైకెల్లి 'ఉన్నవా?' అని పిలుసుకుంటనే ఉన్నం. రెండుసార్లు 'ఉన్న' అన్నడు. మూడోసారి పలుకలే," అన్నాడు మోసుకొచ్చిన ఇద్దరిలో ఒకడు.

గుంతలో దిగే వాళ్ళ పద్ధతి అది. లోపల ఒకడుంటే పైన ఒకడు విడవకుండా పిలుస్తూ ఉండాలి. ఉన్నవా అంటే ఉన్న అనాలి. ఆ జవాబు తప్ప వాళ్ళకు వేరే రక్షణ లేదు.

ఆ పూట ఎమర్జెన్సీలో ఉన్న డాక్టర్ నుజహత్ ఒక్కతే. ఓదెలు మెడ పక్కన రెండు వేళ్ళు ఆనించింది. నాడి తగిలింది. సన్నగా, ఆగి ఆగి, అయినా ఉంది.

"నాడి ఉంది! ఆక్సిజన్ పెట్టండి!"

స్ట్రెచర్ లాగే ఇస్సాకు సిలిండర్ దొర్లించుకొచ్చి మర తిప్పాడు. మీటరు ముల్లు కదలలేదు. రెండోది తెచ్చాడు. అదీ ఖాళీ.

"ముందటి దినమే నింపినమని సంతకం తీస్కపోయిన్రు కద మేడమ్, ఏజెన్సీ వాళ్ళు!"

"పై వార్డులోంచి తే! ఉరుకు!"

ఇస్సాకు మెట్లెక్కాడు. నుజహత్ రబ్బరు సంచి చేత పట్టుకుని ఓదెలు నోట్లోకి మామూలు గాలినే కొట్టడం మొదలుపెట్టింది. ఆయా షౌకత్ బీ అతని తల పట్టుకుని నోట్లోని మురుగు తుడుస్తూ కూర్చుంది. తొమ్మిది నిమిషాలు గడిచాయి. మనిషంత సిలిండర్ను భుజాన ఎత్తుకుని ఇస్సాకు ఆఖరి మెట్టు దిగేసరికి నుజహత్ వేళ్ళ కింద ఆ నాడి ఆగిపోయింది. ఆగడం ఆమెకు తెలిసింది. చేతిలోంచి చెయ్యి జారిపోయినట్టే తెలిసింది.

షౌకత్ బీ లేచి గాజుగుడ్డ ముక్క చించింది. ఓదెలు కాలి బొటనవేళ్ళు రెండూ దగ్గరికి చేర్చి రెండు చుట్లు చుట్టి ఎడమ పక్కన ముడి వేసింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె నియమం అది. తన కళ్ళ ముందు ప్రాణం పోయిన వాళ్ళకే ముడి వేస్తుంది. చనిపోయాక తెచ్చిన వాళ్ళ కాళ్ళు ముట్టదు. అది వాళ్ళ ఇంటివాళ్ళు చేసుకోవలసిన పని అంటుంది. హిందువా ముసల్మానా అని మాత్రం ఏనాడూ చూడలేదు.

సూపరింటెండెంట్ ప్రకాశం అప్పుడు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, నొప్పించని మాటలవాడు. కొంపలు ముంచేది చాలాసార్లు అలాంటి వాళ్ళే.

"తెచ్చేసరికే చనిపోయాడని రాసెయ్యమ్మా."

"సార్, నాడి ఉండె."

"ఉంటే? ఆక్సిజన్ ఎందుకు పెట్టలేదని అడుగుతారు. అడిగితే నువ్వు ఇరుక్కుంటావు, నేను ఇరుక్కుంటాను. తెచ్చేసరికే పోతే మనల్ని అడిగేవాడుండడు. అతను లేచి వస్తాడా ఏమన్నా? నీ కాంట్రాక్టు పొడిగింపు కాగితం నా టేబుల్ మీదే ఉంది, ఆలోచించుకో."

నుజహత్ రాసింది. ఆ వానాకాలంలో ఆసుపత్రిలో అలాంటి రాత ఇది నాలుగోది, ఆమె చేతి మీదుగా మూడోది. మొదటిసారి చెయ్యి వణికింది. రెండోసారి వణకలేదు. అలవాటు ఎంత పాడుదో అప్పుడు ఆమెకు తెలియలేదు. ఈసారి కలం మూత పెట్టాక గానీ, కలం పట్టిన వేళ్ళూ నాడి పట్టిన వేళ్ళూ ఒకటేనన్న సంగతి తట్టలేదు.

ఓదెలు భార్య కళావతి ఆ ఆసుపత్రిలోనే ఊడుస్తుంది. మొగుడు నోట్లో గాలి కొట్టించుకుంటున్న సేపూ ఆమె పై అంతస్తులో బాత్రూములు కడుగుతూనే ఉంది. కబురు అందేసరికి ఓదెలు మీద దుప్పటి కప్పేశారు. చేతిలో చీపురుతోనే పరిగెత్తుకొచ్చింది.

"మేడమ్, నా మనిషి వచ్చినప్పుడు పానం ఉండెనా?"

నుజహత్ నేల చూసింది. "రిపోర్టు వస్తది కళావతీ" అంది.

కళావతి ముఖం మీది దుప్పటి తీయలేదు. కాళ్ళ దగ్గర ఎత్తింది. ఆరేళ్ళుగా ఆ గదిలో ఊడుస్తున్న మనిషి ఆమె. ఎడమ పక్కన ముడి చూసింది. మెల్లగా దుప్పటి కప్పి, తలెత్తి డాక్టరు ముఖంలోకి చూసింది. చీపురు తీసుకుని బయటికి నడిచింది.

ఆ సాయంత్రం బార్కస్‌లోని ఇంట్లో నుజహత్ మగ్రిబ్ నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ చేయబోయింది. మూడుసార్లు చేతులు కడిగింది. నీళ్ళ కింద రెండు వేళ్ళ కొసల్లో నాడి కొట్టుకుంది. ఆమెది కాదు. ఆమె గుండె వేగంగా కొడుతోంది, ఇది ఆగి ఆగి కొడుతోంది. మళ్ళీ కడిగింది. కుళాయి కట్టేసినా చేతుల్లో అది పోలేదు. అన్నం ముద్ద కలిపితే మెతుకుల కింద కొట్టుకుంది. ఇదివరకు రాసిన ఇద్దరి ముఖాలు గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. వాళ్ళ ముఖాలను రిజిస్టరు ఎప్పుడో మింగేసింది.

తెల్లారి ఏడు గంటలకే ఆసుపత్రికి వచ్చింది. బట్టలు ఉతికే షెడ్డు వెనక గోలగా ఉంది. ఆయాలు, వార్డు బాయ్‌లు, ఊడ్చేవాళ్ళు, గుంతల్లో దిగేవాళ్ళు, నలభై మంది దాకా ఉన్నారు. బయట డ్రైనేజీ పని, లోపల ఆసుపత్రి పని, సిలిండర్ల సరఫరా, అన్నీ ఒకే ఏజెన్సీవి. అందరి గుర్తింపు కార్డుల మీదా ఒకటే ముద్ర. ఇన్నేళ్ళలో వాళ్ళంతా ఒకచోట నిలబడటం ఇదే మొదలు.

"ముడి సాక్ష్యమైతదా? జడ్జి నవ్వుతడు!" అన్నాడు కళావతి చెప్పింది విని, గుంతలో దిగే ఒకాయన.

"నవ్వనీ," అన్నాడు ఇస్సాకు. "శవాల గది తాళం నా దగ్గర్నే ఉంటది. ఈ వానకాలంల నాలుగు శవాలకు షౌకత్ బీ ముడి ఉండె. నాలుగింటి కాయితాలల్ల తెచ్చేసరికే సచ్చిన్రని ఉంది. నేను సూసిన. సూసి ఊకున్న. నాది గూడ తప్పే."

"లొల్లి జేస్తే మనల్ని తీసేస్తరు భాయ్. రేపట్నుంచి వేరేటోళ్ళను దించుతరు," అన్నాడు గుంతలో దిగే ఇంకొకడు.

కళావతి లేచింది. "దించనీ. గా దిగేటోడు ఎవడు? నీ తమ్ముడే గద, నా కొడుకే గద! కోట్లు తొడిగేటోళ్ళ పిల్లలు దిగుతరా? గుంతల దించేటోడు గా ఏజెన్సోడే, ఆక్సిజన్ ఇచ్చేటోడు గాడే. బయట సంపిండు. సావకపోతే లోపట సంపిండు. ఇంకేం మిగిలిందని భయపడాలె?"

అప్పుడు ఎవరో నుజహత్‌ను చూశారు. అందరూ అటు తిరిగారు.

"డాక్టరమ్మ వచ్చింది. సారు పంపిండు కావొచ్చు!"

"ఎవరు పంపలే," అంది నుజహత్. "ఓదెలు వచ్చినప్పుడు నాడి ఉండె. తొమ్మిది నిమిషాలు ఉండె. అబద్ధం నేనే రాసిన. అంతకుముందు ఇద్దరికి గూడ నేనే రాసిన."

గుంపులోంచి ఒక కేక, ఆ వెంటే ఒక తిట్టు లేచాయి. షౌకత్ బీ చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"బేటీ, నాకు చదువు రాదు. గా ముడే నా దస్కత్. ఇరవై రెండు సాల్ల నుంచి ఒక్క ఝూటా ముడి ఎయ్యలే. నువ్వు పెద్ద చదువు చదివి నా దస్కత్‌ను ఝూటా జేసినవ్."

నుజహత్ ఏడ్చింది. కళావతి దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏడ్వకు మేడమ్. ఏడుపు నా వంతు. నీ వంతు పని వేరే ఉంది."

ఏం చేయాలన్న దాని మీద గంటసేపు వాదులాడుకున్నారు. ఆరుగురు భయపడి వెళ్ళిపోయారు, అందులో ఇద్దరు తిరిగొచ్చారు. చివరికి ముందురోజు ఓదెలును మోసుకొచ్చినవాడే అన్నాడు: "మాకు గుంత కాడ రిజిస్టరు లేదు. పిలిస్తే పలుకుడే మా రిజిస్టరు. ఈ గుమ్మం కాడ గూడ గట్లనే పెడదం. మనిషిని తెచ్చిన్రంటే ఉన్నడా అని అందరం అడుగుదం. డాక్టరు అందరికి ఇనబడేటట్టు చెప్పాలె. నలభై మంది ఇన్నదాన్ని ఏ కలం తుడుస్తది?"

పదకొండు గంటలకు పంచనామాకు ఎస్సై వచ్చాడు. ప్రకాశం వచ్చాడు. ఏజెన్సీ మేనేజర్ నిఖిలేష్ ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో దిగాడు. కాలు జారి గుంతలో పడ్డాడని పంచనామా అప్పటికే సగం రాసి ఉంది. శవాన్ని పోస్ట్‌మార్టంకు పెద్దాసుపత్రికి పంపాలి. వ్యాను తలుపు తెరిచారు.

ఇస్సాకు స్ట్రెచర్ మీద నుంచి చేతులు తీసేశాడు.

"లాగవోయ్!" అన్నాడు నిఖిలేష్.

"కాయితం సక్కగ కాంది కదలదు సార్."

"వీణ్ణి పక్కకు తీసి ఇంకొకడు పట్టండి!"

ఎవరూ కదలలేదు. ఆయాలు వచ్చి స్ట్రెచర్ చుట్టూ కూర్చున్నారు. వాళ్ళ వెనక ఊడ్చేవాళ్ళు చీపుర్లు పట్టుకుని నిలబడ్డారు. చీటీల వరుసలోని జనం వరుస వదిలేసి వాళ్ళ వెనక చేరారు. నిన్న ముక్కు మూసుకున్న ఆడవాళ్ళు కూడా వచ్చారు.

"పని ఆపినోడు రేపు రావద్దు!" అరిచాడు నిఖిలేష్.

"రేపు నీ గుంతల నువ్వే దిగు," అంది కళావతి. "మేం పైకెల్లి పిలుస్తం. పలుకుతవో లేదో సూద్దం."

నుజహత్ రిజిస్టరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ప్రకాశం గొంతు తగ్గించి, "వద్దమ్మా, నా మాట విను," అన్నాడు. ఆమె వినలేదు. తను రాసిన వాక్యం మీద ఒక్క గీత గీసింది. కింద అక్షరాలు కనబడేలాగే గీసింది, తన తప్పు తనకు కనబడుతూ ఉండాలని. పక్కన రాస్తూ పైకి చదివింది.

"పదకొండు గంటల పదకొండు నిమిషాలకు తెచ్చారు. నాడి ఉంది. సిలిండర్లు రెండూ ఖాళీ. పదకొండు ఇరవైకి నా చేతుల్లో చనిపోయాడు."

సంతకం చేసి, టైము వేసింది. పేజీలు వెనక్కి తిప్పి, మరో రెండు చోట్ల గీత గీసింది. ఆ రెండు పేర్లూ గట్టిగా చదివింది. ఆ ముఖాలు మాత్రం అప్పుడూ గుర్తుకు రాలేదు. నలభై ఫోన్లు పైకి లేచి ఆ పేజీలను ఫొటోలు తీశాయి. షౌకత్ బీ దగ్గరికొచ్చి, అక్షరం ముక్క రాని కళ్ళతో ఆ సంతకాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నుజహత్ తల మీద చెయ్యి పెట్టింది.

సర్కారీ రికార్డు దిద్దినందుకు ఎస్సై నుజహత్‌ను జీపు ఎక్కమన్నాడు. అబద్ధం రాసినందుకైతే కాదు, గమనించండి. నిజం రాసినందుకు. ఆమె ఎక్కింది. అబద్ధానికి కూడా శిక్ష పడాలనే ఆమెకు ఉంది. జనం జీపును చుట్టుముట్టారు. కళావతి కిటికీ ఊచ పట్టుకుంది.

"ఫికర్ జెయ్యకు మేడమ్. ఠాణాకు మేం గూడ వస్తం."

అంతలో ఒక ఆటో గుమ్మం ముందు ఆగింది. పురానాపూల్ నుంచి ఒక ముసలాయన. పెదాలు నల్లబడ్డాయి, కళ్ళు తేలేశాయి. కొడుకు ఒళ్ళో పెట్టుకుని అరుస్తున్నాడు. గుమ్మంలో ఉన్న డాక్టరు ఇప్పుడు ప్రకాశం ఒక్కడే. ఆయన వంగి మెడ మీద వేళ్ళు పెట్టాడు.

"ఉన్నడా?" ఇస్సాకు అడిగాడు.

ప్రకాశం నిఖిలేష్ వైపు చూశాడు.

"ఉన్నడా?" ఆయాలు అడిగారు. ఊడ్చేవాళ్ళు అడిగారు. ఆ గుమ్మంలో ఉన్న మనుషులంతా అడిగారు. గోడల మీది పావురాలు లేచిపోయాయి.

"ఉన్నాడు..." అన్నాడు ప్రకాశం.

"ఇనబడలే సార్!"

"ఉన్నాడు! నాడి ఉంది! పదకొండు ముప్పై ఆరు! ఆక్సిజన్ తీసుకురండి!"

"ఉన్నడు!" అంది జనం. వార్డు బాయ్‌లు నలుగురు ఏజెన్సీ బండి వైపు ఉరికారు. సిలిండర్ దించారు. నిఖిలేష్ అడ్డం రాబోయి, కళావతి చేతిలో చీపురు చూసి ఆగాడు. ముల్లు కదిలిన శబ్దం వినబడదు గానీ, జీపులో ఉన్న నుజహత్‌కు వినబడినట్టే అనిపించింది.

జనం గుమ్మం వైపు తిరిగిన సందులో జీపు కదిలింది. ఆమె రెండు వేళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. ఓదెలు నాడి ఇంకా అక్కడే ఆగి ఆగి కొడుతోంది. అది పోవాలని ఆమె ఇప్పుడు కోరుకోలేదు. వెనక అద్దంలోంచి చూసింది. షౌకత్ బీ ముసలాయన కాళ్ళ దగ్గర గాజుగుడ్డ చుట్టతో నిలబడి ఉంది. కాసేపు వంగి చూసింది. ఆయన పాదం కదిలింది కాబోలు, ఆ గుడ్డను మళ్ళీ కొంగున దోపుకుంది. పక్కన ఓదెలు స్ట్రెచర్ అలాగే ఉంది, జనం దాని చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు.

గేటు దాటేదాకా వెనక నుంచి ఆ పిలుపు వినబడుతూనే ఉంది. ఉన్నవా?

"ఉన్న," అంది నుజహత్, ఎస్సై తిరిగి చూసేంత గట్టిగా.